బెంగళూరులో ఉంటూ ఊరికి ఏదైనా చేద్దామనుకునే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కదిరి, హిందూపురం, ధర్మవరం, మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కొందరం నెలకో ఆదివారం కె.ఆర్.పురంలో ఒక స్నేహితుడి మేడ మీద కూర్చుంటాం. మాకు పేరు లేదు, బ్యానరు లేదు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోందని ఇలా రాసిపెట్టాం. చదివినవి కొన్ని, చూసినవి కొన్ని, దెబ్బలు తిని నేర్చుకున్నవి ఎక్కువ.

ఊరికి ఏదైనా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పండగ లేని రోజున వెళ్లి రెండు రోజులు ఉండండి. ఉగాదికో జాతరకో వెళ్తే ఊరు నిండుగా కనిపిస్తుంది, వీధంతా కేఏ నంబరు కార్లే. మామూలు మంగళవారం నాడు వెళ్తే ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో, పొద్దున ఆటోలో ఎవరెవరు కూలికి పోతున్నారో తెలుస్తుంది. వీలైతే గొర్రెలు కాసే వాళ్లతో ఒక పూట తిరగండి. ఊరి నేల గురించి వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మా ఊళ్లో అలా తిరిగినప్పుడే, చెరువులోకి రావాల్సిన వంకకు అడ్డంగా ఎవరో మామిడి తోట గట్టు ఎత్తుకున్న సంగతి బయటపడింది. అప్పటికి మూడు నెలలుగా మేం బెంగళూరులో కూర్చుని అదే చెరువులో పూడిక తీయడానికి జేసీబీ గంటకెంత అని లెక్కలు వేసుకుంటున్నాం. నీళ్లే రాని చెరువును లోతు చేసి ఏం చేసేవాళ్లమో!

డబ్బు సిద్ధంగా ఉంది. ముందు ఏం కట్టించమంటారు?

ఏమీ కట్టించొద్దు.

మా మొదటి పని మంచినీళ్ల ప్లాంటు. పదకొండు మందిమి చందాలేసుకుని ఆర్వో మెషిను తెచ్చి, షెడ్డు వేసి, కొబ్బరికాయ కొట్టి ఫోటో దిగాం. కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉండాలని ఆ రోజు ఎవరూ అడగలేదు. బిందెకు ఎంత తీసుకోవాలి, ఆ చిల్లర ఎవరి దగ్గర ఉండాలి, ఫిల్టరు పోతే ఎవరు మార్చాలి, ఇవీ అడగలేదు. మెషిను వదిలేసే ఉప్పునీళ్లు వీధిలోకి పారి ఒక పెద్దమ్మ గుమ్మం ముందు మడుగు కట్టాయి. ఆమె రెండుసార్లు చెప్పి చూసి, మూడోసారి పైపులో పాత గుడ్డ కుక్కింది. పద్నాలుగు నెలలకు మెంబ్రేన్ పాడై షెడ్డుకు తాళం పడింది. ఇప్పుడు అందులో ఎవరివో ఎరువుల మూటలున్నాయి. మా పేర్లు చెక్కిన నల్లరాయి మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

ఎందుకిలా వదిలేశారని ఆ పెద్దమ్మనే అడిగాం. "మీరు పెట్టిస్తిరి, మీరే చూసుకుంటారనుకొంటిమి నాయనా" అంది. అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఆ ప్లాంటు ఊరు అడిగింది కాదు, ఊరు రూపాయి వేసింది కాదు.

అప్పటి నుంచి వరస మార్చుకున్నాం. ముందు ఊరి మాట. తర్వాత ఊరి చందా, అది లేకపోతే శ్రమ. ఆ పైన పంచాయతీకి వచ్చే డబ్బు, పథకాల డబ్బు. అన్నీ అయ్యాక ఇంకా తక్కువ పడితే అప్పుడు మా జేబు. ఈ వరస చెప్పగానే కొత్తవాళ్లు కొంచెం నిరాశపడతారు, ఇచ్చే చెయ్యి ఆగదు కదా.

ఊరే పూనుకుని చేసుకోవడం మన దగ్గర కుదిరే పనేనా?

ఒకప్పుడు కుదిరింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో చెరువు కట్టకు, కాలువలకు చిన్న చిన్న మరమ్మతులు ఊరి జనమే చేసుకునే పద్ధతిని కుడిమరామత్తు అనేవారు. అది సన్నగిల్లుతోందని ప్రభుత్వం 1858లో ఏకంగా చట్టమే చేసింది. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి అన్నది చూసుకోవడానికి నీరుగంటి ఉండేవాడు. ఆ ఇంటిపేర్లు, మాన్యాలు కొన్ని ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి.

అయితే పాత రోజులను మరీ నెత్తిన పెట్టుకోకండి. నీళ్లు పెద్ద రైతు మడికి పారితే కట్ట మీద మట్టి మోసింది సెంటు భూమి లేని వాళ్లు. మోయనంటే ఊరుకునే కాలమూ కాదు.

పంచాయతీ ఉండగా మళ్లీ ఒక కమిటీ ఎందుకు?

వద్దనే మేమూ చెప్తాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచి గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారు చేస్తుంది. మీ ఊరి వంక పని ఆ కాగితంలో లేకపోతే ఆ ఏడాదికి దాని గురించి ఎంత మాట్లాడినా గాలి మాటే.

చిక్కేమిటంటే చాలాచోట్ల గ్రామసభ అంటే రిజిస్టరు మాత్రమే. మేం వెళ్లిన ఒక సభలో పద్నాలుగు మంది మగవాళ్లు, ఇద్దరు ఉద్యోగులు, ఒక నిద్రపోతున్న కుక్క. సంతకాలు మర్నాడు ఇంటింటికీ వెళ్లి చేయించుకున్నారు. బెంగళూరు నుంచి మీరు చేయగలిగిన మంచి పని ఇక్కడుంది. సభ తేదీ ముందే కనుక్కుని, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, చాటింపు వేయించమని అడగండి. పొద్దున పదకొండింటికి కాకుండా కూలి నుంచి తిరిగొచ్చే వేళకు పెట్టమనండి. దీనికి పైసా ఖర్చు లేదు, అడిగే మనిషి కావాలంతే.

"ఊరంతా ఒప్పుకుంది" అంటున్నారు. నమ్మొచ్చా?

రచ్చబండ మీద కూర్చున్న వాళ్లు ఒప్పుకున్నారని అర్థం. దాని మీద ఎవరు కూర్చోరో చూడండి.

చెరువు పూడిక ఉదాహరణ తీసుకుందాం. తీసిన ఒండ్రు మట్టి పొలాలకు తోలుతారు. మంచిదే. పొలం ఉన్న వాళ్లకు మంచిది. చెరువు నిండితే కింద ఆయకట్టు పండుతుంది, అదీ భూమి ఉన్న వాళ్లదే. భూమి లేని ఇంటికి ఏం వచ్చింది? కొన్ని రోజుల కూలి, అదీ జేసీబీ రాకపోతే. ఇంకో ఉదాహరణ, ఊరి గుట్ట చుట్టూ కంచె వేసి మొక్కలు నాటాలనుకోవడం. వినడానికి ఎంత బాగుంది! నాలుగు మేకలతో బతికే ఆవిడ రేపటి నుంచి వాటిని ఎక్కడికి తోలుకెళ్లాలి?

అందుకని ఒకే విషయం మీద కనీసం మూడు చోట్ల విడివిడిగా కూర్చుంటాం. ఎస్సీ కాలనీలో ఒకసారి, ఆడవాళ్లతో వాళ్లకు తీరిక ఉన్న వేళ ఒకసారి, గొర్రెల వాళ్లతో ఒకసారి. మొదటిసారి కాలనీలో కూర్చున్నప్పుడు అరగంట ఎవరూ నోరు విప్పలేదు. టీ వచ్చింది. గ్లాసులు సరిపోక రెండు విడతలుగా తాగాం. అప్పుడు ఒక నడివయసు ఆవిడ, "చెరువు సంగతి తర్వాత సామీ, శ్మశానానికి పోయే దారి మూసేసినారు, దాన్ని ముందు అడుగుతారా?" అంది. మా జాబితాలో దారి అన్న మాటే లేదు. ఆ ఏడాది చేసిన పని అదొక్కటే. చెరువు మాట మరుసటి ఏడు ఎత్తాం, కాలనీ వాళ్లే ముందుండి వచ్చారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి వినే ఉంటారు. పేద దళిత మహిళల సంఘాలే దానికి ఆధారం. చిరుధాన్యాల విత్తనాలు ఇళ్లలో కాపాడుకున్నది వాళ్లు, 2008లో సొంత రేడియో నడపడం మొదలుపెట్టింది వాళ్లు. ఏ విత్తనం దాచాలో బయటివాళ్లు చెప్పి ఉంటే అది ఇన్నేళ్లు నిలిచేది కాదని మా నమ్మకం.

మా దగ్గర అసలు సమస్య నీళ్లు. వాటి గురించి చెప్పండి.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి 80 వేల లీటర్లు. 2024 ఎండాకాలంలో మన అపార్ట్‌మెంట్ల ముందు 12 వేల లీటర్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు గుర్తున్నాయి కదా? అలాంటివి ఆరున్నర ట్యాంకర్ల నీళ్లు ఒక్క సాయంత్రం ఒక్క ఎకరం మీద పడుతున్నాయి. పడి ఎటు పోతున్నాయన్నదే ప్రశ్న.

అవి పరుగెత్తకుండా చూడాలంటే పని గుట్ట పైనుంచి కిందికి రావాలి. పైన కందకాలు, రాతి కట్టలు, ఆ కింద పొలం గట్లు, వాగుల్లో చిన్న అడ్డుకట్టలు, చివరన చెరువు. 1994లో హనుమంతరావు కమిటీ ఇచ్చిన నివేదిక మీద ఆధారపడి మరుసటి ఏడాది నుంచి దేశమంతా అమలైన వాటర్‌షెడ్ మార్గదర్శకాల సారం కూడా ఇదే, దాంతోపాటు ఊరి సంఘం చేతికే పని, డబ్బు అప్పగించాలన్న మాట. జనానికి మాత్రం చెక్‌డ్యామ్ మీదే మోజు. అది కనిపిస్తుంది, దాని మీద పేరు రాయొచ్చు. పైన ఏమీ చేయకుండా కింద చెక్‌డ్యామ్ కడితే రెండు వానలకు మట్టితో నిండి, పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికి పనికొస్తుంది.

నీళ్లు ఆపడం సగం పని. ఆగిన నీళ్లను ఎవరెంత తోడాలన్నది మిగతా సగం, గొడవంతా అక్కడే. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భజలాల ప్రాజెక్టు ఒకటి జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచింది. అందులో రైతుకు సబ్సిడీ లేదు, తోడొద్దన్న ఆంక్ష కూడా లేదు. ఇచ్చిందల్లా వానమాపకం, బోరులో నీటిమట్టం కొలిచే పరికరం, కొలవడంలో తర్ఫీదు. ఊళ్లో ఆడవాళ్లూ మగవాళ్లూ కొలిచి గోడ మీద రాసేవాళ్లు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, అనుకున్న పంటలకు ఇంత కావాలి, కింద ఇంత లోటు అని లెక్క కట్టేవాళ్లు. వరి వేయాలా వద్దా అన్నది ఆ లెక్క చూసి ఎవరికి వారు తేల్చుకోవడమే. చాలాచోట్ల తక్కువ నీళ్ల పంటలకు మళ్లారు.

ఇది చదివాక మేం మా ఊరి బడి గోడ మీద పట్టిక గీయించి, వానమాపకం పెట్టించాం. ఏడో తరగతి పాప ఒకతి పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి చూసి సుద్దముక్కతో రాస్తుంది. ఒకరోజు 14 అని రాసి, కొట్టేసి, 9 అని రాసింది. ఏమ్మా అంటే, "రాత్రి కుక్క తగిలి పక్కకు ఒరిగింది సార్, నమ్మకం లేదు" అంది. ఆ కొట్టివేతను చెరపొద్దన్నాం.

ఇంత తంటా ఎందుకు? ఊరికి రెండు బోర్లు వేయిస్తే పోలా?

మా నాన్న నాలుగు వేశారు. నాలుగోదానికి అమ్మ గాజులు పోయాయి. పక్క పొలం ఆయన అంతకంటే లోతు వేశాక మా మూడోది ఎండింది, మాది లోతు చేశాక ఆయనది ఎండింది. ఇద్దరం ఒకే కుండలో గడ్డి పుల్లలు పెట్టి తాగుతున్నామని అప్పట్లో తట్టలేదు. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, అదీ తెలుసుకోండి.

మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఫోటోలు బాగా వస్తాయి. మొక్క బతకాలంటే చెన్నేకొత్తపల్లి దాకా వెళ్లి చూసి రండి, హైదరాబాద్ హైవే మీదే దారి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి అనే చోట ఏడు వేల ఎకరాలకు పైగా బోడి గుట్టలను అడవిగా మళ్లించారు. నాటింది కొంతే. ఎక్కువ భాగం మంటలు పడకుండా కాపలా కాసి, నరకకుండా చూసి, ఇష్టమొచ్చినట్టు మేపకుండా కట్టడి చేసుకున్నందుకు దానంతట అది వచ్చింది. ఈత మొలిచింది, బోద పెరిగింది, కింద చెరువులకు నీళ్లు దిగాయి.

అక్కడి నుంచి నేర్చుకోవాల్సిన చేదు సంగతి కూడా ఉంది. రికార్డుల్లో ఆ నేల బంజరు. అందుకే తర్వాత గాలిమరలు వచ్చినప్పుడు ఆ కొండల మీద రోడ్లు తవ్వారు, ఊళ్లవాళ్లు కోర్టులు తిరగాల్సి వచ్చింది. మీరు కాపాడబోయే గుట్ట అడంగల్‌లో, అంటే ఊరి రెవెన్యూ రికార్డులో, ఏమని రాసి ఉందో ముందే చూడండి.

వేరుశనగ మానేసి చిరుధాన్యాలు వేయమని మా వాళ్లకు చెప్పాలా?

నెలజీతం వాళ్లం మనం. వాన మీద బతికే మనిషికి పంట మార్చమని చెప్పే ముందు కాస్త ఆగాలి. వేరుశనగ ఒక్కటే వేసి నష్టపోయిన సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కానీ దాన్ని కల్లంలోనే కొనే మనిషి ఉన్నాడు, అప్పిచ్చే అంగడి ఉంది. కొర్రలకు ఎవరున్నారు?

మేం ఒకసారి పన్నెండు బస్తాల కొర్రలు తెప్పించి వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో అమ్మాం. మొదటి విడత రెండు గంటల్లో అయిపోయింది, గాల్లో తేలాం. రెండో విడతకు పురుగు పట్టింది. మూడోసారి, పాలిష్ లేనివే కావాలన్న వాళ్లే రంగు బాగాలేదని తిరిగిచ్చారు. అప్పుడు అర్థమైంది, కొరత కొనేవాళ్లకు కాదు, ఊరికి దగ్గర్లో పొట్టు తీసే మరకు, ఎండబెట్టి దాచే చోటుకు. ఇవి ఒక్క రైతు వల్ల అయ్యే పనులు కావు. నలభై యాభై మంది కలిసి పెట్టుకోవాలి.

సాగు పద్ధతి సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం మహిళా సంఘాల ద్వారానే ఊళ్లలోకి వెళ్లింది. తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం, ఘన జీవామృతం (ఆవు పేడతో చేసే ఎరువు), ఇవన్నీ పక్క ఊరి రైతే వచ్చి చూపిస్తాడు. 2024లో దానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. మీ మండలంలో ఆ పని చేసే వాళ్లెవరో అడిగి కలపండి, అంతవరకే మన పని.

ఊళ్లో డ్వాక్రా సంఘాలున్నాయి. వాళ్లతో పని చేయొచ్చా?

వాళ్లతోనే చేయాలి. వారం వారం కలవడం, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టించుకోవడం, పుస్తకాలు రాయడం: ఈ ఐదింటినీ పంచసూత్రాలంటారు. ఐదూ నడుస్తున్న సంఘం ఊళ్లో ఒక్కటున్నా మీ అదృష్టం. పుస్తకం రాసే అక్కను పరిచయం చేసుకోండి. బ్యాంకు వాళ్లకంటే ఆమెకే ఊరి ఆర్థిక పరిస్థితి బాగా తెలుసు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇప్పటికే వాళ్ల నెత్తిన ప్రతి పథకం సర్వే, ప్రతి మీటింగుకు జనాన్ని తేవడం ఉన్నాయి. మీ పని కూడా ఉచితంగా తగిలించకండి.

మనం ట్రస్టు రిజిస్టర్ చేసుకోవాలా?

మొదటి రెండేళ్లు అక్కర్లేదు. లెటర్‌హెడ్ వచ్చాక అధ్యక్షుడెవరన్న గొడవ వస్తుంది. తర్వాత కావాలంటే సొసైటీకి కనీసం ఏడుగురు ఉండాలి. రైతులే వ్యాపారం పెట్టుకోవాలంటే ప్రొడ్యూసర్ కంపెనీకి పదిమంది చాలు, లేదంటే ఆంధ్రప్రదేశ్‌లో 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం ఉంది.

మీ కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, అడగొచ్చు, కానీ అది ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అనేవారు) ఉండి, సీఎస్ఆర్-1 అనే ఫారం నింపిన సంస్థకే వస్తుంది. పైగా వాళ్లు మార్చి 31లోపు ఖర్చు చూపమంటారు, ఊరి పని ఆ క్యాలెండరు వినదు. అమెరికాలో ఉన్న బావగారు పంపిస్తానంటే ఆయన ఇప్పటికీ భారత పౌరుడేనా అని అడగండి. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోకూడదు.

రాజకీయాలు రాకుండా ఎలా చూసుకోవాలి?

చూసుకోలేం. ఊరంటేనే రెండు పార్టీలు. రెండు వైపుల వాళ్ల ఇళ్లలోనూ కాఫీ తాగండి, ఎవరి కారులోనూ ఎక్కకండి. ఎన్నికలకు ముందు ఆరు నెలలు కొత్త పని ఏదీ ఎత్తుకోకండి.

మేం చెన్నైలో ఉంటాం. మాకు దగ్గర్లో చూడదగ్గ ఊరు ఏదైనా ఉందా?

తిరువళ్లూరు జిల్లాలో కుత్తంబాక్కం ఉంది, నగరానికి నలభై కిలోమీటర్ల లోపే. ఇళంగో రంగస్వామి కెమికల్ ఇంజనీరు. ఉద్యోగం వదిలి సొంత ఊరికి వచ్చి 1996లో పంచాయతీ అధ్యక్షుడయ్యారు. దళిత కుటుంబం, దళితేతర కుటుంబం ఒకే గోడకు అటూ ఇటూ ఉండేలా జంట ఇళ్లు కట్టించారు. ఊళ్లోనే చేసిన మట్టి ఇటుకలు వాడారు.

ఎన్నాళ్లు పడుతుంది?

మహారాష్ట్రలోని హివ్రే బజార్ పేరు అందరూ చెప్తారు. పోపట్‌రావ్ పవార్ అక్కడ సర్పంచ్ అయింది 1989లో. సాగుకు బోర్లు వేయొద్దు, చెరకు, అరటి వేయొద్దు అని ఊరే కట్టుబాటు చేసుకుంది. అప్పటి నుంచి ముప్పై ఐదేళ్లు దాటింది, ఇంకా ఏటా కూర్చుని నీటి లెక్క చూసుకుంటూనే ఉన్నారు. మీ వీకెండ్లు లెక్కేసుకోండి.

వచ్చే ఆదివారం మీతో వస్తాం. ఏం తెచ్చుకోవాలి?

టోపీ, నీళ్ల సీసా, నోటుపుస్తకం. శాలువాలు, బిస్కెట్ ప్యాకెట్లు వద్దు. పొద్దున నాలుగున్నరకు కె.ఆర్.పురం బ్రిడ్జి దగ్గర ఉండండి, గోరంట్ల మీదుగా వెళ్తాం. ఆలస్యమైతే ఆగం. గుట్ట చూపించే పెద్దాయన తొమ్మిదికల్లా గొర్రెలు తోలుకుని వెళ్లిపోతాడు, ఆయన దగ్గర ఫోన్ లేదు.